ఏడుంబావు అంగుళాల పట్టాలపై నౌపడ రైలు

బ్రాడ్ గేజ్ మీద మెయిళ్ళు, ఎక్స్‌ప్రెస్‌లు లాగిన డబ్ల్యూపీ రకం ఆవిరి ఇంజన్, వెనక బొగ్గు, నీళ్ళు మోసే టెండరు బండితో కలిపి దాదాపు 172 టన్నులు తూగేది. డార్జిలింగ్ కొండ రైలు బీ క్లాస్ ఇంజన్ 15 టన్నులకు అటూ ఇటూ ఉంటుంది. ఈ రెండింటికీ ఏడుంబావు అంగుళాల గేజ్ మీద, అంటే పట్టాల మధ్య 184 మి.మీ. ఎడమున్న దారి మీద నడిచే నమూనాలు చేశారనుకుందాం. పెద్ద ఇంజన్ నమూనా 230 కిలోల దగ్గర ఆగిపోతుంది. చిన్న ఇంజన్ నమూనా 400 కిలోలు దాటుతుంది. అసలు బరువులో పదకొండో వంతైనా లేని ఇంజన్, నమూనాకొచ్చేసరికి దాదాపు రెట్టింపు తూగుతుంది.

ఇందులో గారడీ ఏమీ లేదు. బ్రాడ్ గేజ్ వెడల్పు 1676 మి.మీ. దాన్ని 184కు దించాలంటే ప్రతి కొలతనూ తొమ్మిదో వంతుకు కుదించాలి. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ తగ్గుతాయి కాబట్టి బరువు 750 వంతులకు పైగా పడిపోతుంది. డార్జిలింగ్ గేజ్ 610 మి.మీ. మాత్రమే. దాన్ని 184కు తేవడానికి మూడో వంతు కన్నా కాస్త చిన్నదిగా కుదిస్తే చాలు. బరువు 36 వంతులకే తగ్గుతుంది. పట్టా అదే, చోటు అదే, కానీ దాని మీద నిలబడే యంత్రం వేరు. బ్రిటన్‌లోని మోడల్ ఇంజినీరింగ్ క్లబ్బుల రైలు దారుల మీద నారో గేజ్ (సన్న పట్టాల దారి) ఇంజన్ల నమూనాలకు అంత గిరాకీ ఉండడానికి మూలం ఈ లెక్కే.

శ్రీకాకుళం జిల్లాకు ఈ లెక్క పరాయిది కాదు. ఈ జిల్లాకు సొంత నారో గేజ్ చరిత్ర ఉంది. పర్లాకిమిడి రాజా గౌరచంద్ర గజపతి సుమారు 7 లక్షల రూపాయలు ఖర్చుపెట్టి వేయించిన పర్లాకిమిడి లైట్ రైల్వే 1900 ఏప్రిల్ 1న మొదలైంది. నౌపడ నుంచి పర్లాకిమిడి దాకా 40 కి.మీ., గేజ్ 762 మి.మీ. తర్వాత 1930 ప్రాంతంలో దాన్ని గుణుపురం దాకా పొడిగించారు. మొత్తం దారి సుమారు 90 కి.మీ. అయింది. 1936లో ఒడిశా ఏర్పడ్డాక పర్లాకిమిడి, గుణుపురం అటు వెళ్ళాయి. నౌపడ, టెక్కలి, తెంబూరు, పాతపట్నం ఇటు ఉండిపోయాయి. రెండు రాష్ట్రాల మధ్య ఆ చిన్న బండి 2004 దాకా తిరిగింది. చివరి ఏళ్ళలో దాన్ని డీజిల్ ఇంజన్లు లాగాయి. ఆ తర్వాత పట్టాలు పీకి బ్రాడ్ గేజ్ వేశారు. 2011 నాటికి గుణుపురం దాకా పెద్ద బండి వచ్చింది. ప్రయాణికులకు అది మేలే. నౌపడలో బండి మారే బాధ తప్పింది.

ఈ దారి జ్ఞాపకాన్ని బతికించుకునే మార్గాల్లో అద్దాల పెట్టెలో బొమ్మ పెట్టడం అన్నిటికన్నా బలహీనమైనది. మనుషుల్ని ఎక్కించుకుని, బొగ్గు తిని, నీళ్ళు తాగి, ఆవిరితో నడిచే నమూనా అన్నిటికన్నా బలమైనది. 762 మి.మీ. ఇంజన్‌ను 184 మి.మీ. పట్టాలకు కుదిస్తే స్కేలు నాలుగింట ఒకటికి దగ్గరగా వస్తుంది. అసలు ఇంజన్ 20 టన్నులనుకుంటే నమూనా 280 కిలోలు. డ్రైవర్ ఆ ఇంజన్ మీద గుర్రమెక్కినట్టు కూర్చోనక్కర్లేదు. వెనక టెండర్‌లో కాళ్ళు లోపలికి చాపుకుని, క్యాబ్ కప్పు కింద చేతులు పెట్టి, ఆవిరిని వదిలే రెగ్యులేటర్ తిప్పవచ్చు.

మనుషుల్ని లాగే చిన్న ఇంజన్ అనే ఆలోచన పాతదే. ఇంగ్లండ్‌లో సర్ ఆర్థర్ హేవుడ్ 1870లలోనే డఫీల్డ్ బ్యాంక్‌లో 15 అంగుళాల గేజ్ దారి వేసి, ఇంత సన్నటి పట్టాల మీద కూడా పనికొచ్చే రైలు నడపవచ్చని చూపించాడు. లండన్‌లో మోడల్ ఇంజినీర్ల సంఘం 1898లో పుట్టింది. 1920లలో చిన్న బాయిలర్ల మీద పెద్ద వాదమే నడిచింది. రెండున్నర అంగుళాల గేజ్ ఇంజన్‌లో బొగ్గు మంట నిలవదని, స్పిరిట్ దీపమే గతి అని అప్పటి వ్యాపార సంస్థలు నమ్మేవి. ఎల్‌బీఎస్‌సీ అనే కలం పేరుతో రాసే కర్లీ లారెన్స్, అంత చిన్న ఇంజన్‌లోనే బొగ్గు మండించి, దాని వెనక మనుషుల్ని కూర్చోబెట్టి లాగించి చూపించాడు. క్లబ్ రైళ్ళన్నీ ఆ రుజువు మీద నిలబడినవే. ఏడుంబావు గేజ్ మీద లోపల కూర్చుని నడిపే నారో గేజ్ పద్ధతికి 1968లో రోజర్ మార్ష్ కట్టిన టింకర్‌బెల్ అనే ఇంజన్ దారి చూపింది. ఆయనదే అయిన రోములస్ డిజైన్‌ను ఆ తర్వాత ఇంట్లో లేత్ ఉన్న ఎంతోమంది కట్టుకున్నారు. వీటిలో చాలా వరకు ఏ ఒక్క అసలు ఇంజన్‌కీ నకళ్ళు కావు. నారో గేజ్ లక్షణాలు పట్టుకుని స్వేచ్ఛగా గీసినవి.

బరువు ఎందుకంత ముఖ్యమో లాగుడు లెక్క చెబుతుంది. పొడి పట్టా మీద ఉక్కు చక్రం జారకుండా పట్టుకునే బలం, నడిపించే చక్రాల మీద పడే బరువులో సుమారు పావు వంతు. డబ్ల్యూపీ ఇంజన్‌లో నడిపించే ఇరుసులు మూడే. వాటి మీద పడే బరువు దాదాపు 55 టన్నులు. నమూనాలో అది 73 కిలోలవుతుంది, లాగుడు 18 కిలోలు. బీ క్లాస్‌కు టెండరు లేదు, ముందు వెనక ఉత్త చక్రాలు లేవు. ఉన్న నాలుగూ నడిపించే చక్రాలే. నమూనాలో 400 కిలోలూ పట్టుకే పనికొస్తాయి, లాగుడు 100 కిలోలు. చిన్న చక్రాల బళ్ళకు బరువులో ఒకటిన్నర శాతం దాకా నిరోధం ఉంటుందనుకుని, నూటికి ఒకటి చొప్పున ఎక్కుడు కూడా కలిపితే, డబ్ల్యూపీ నమూనా నలుగురు కూర్చున్న ఒక పెట్టెతోనే సరిపెట్టుకోవాలి. బీ క్లాస్ నమూనా అయిదు పెట్టెల్లో ఇరవై మందిని లాగినా పట్టులో సగమే వాడుతుంది. కట్టేవాళ్ళు రేకులు కాస్త మందంగానే వేస్తారు కాబట్టి నిజమైన నమూనాలు ఈ లెక్కకన్నా బరువే తూగుతాయి. అయినా రెండింటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ఆదివారం పూట పిల్లల్ని తిప్పాలనుకునే క్లబ్బుకు ఇంతకన్నా వేరే వాదన అక్కర్లేదు.

బాయిలర్ దగ్గరకొస్తే తేడా ఇంకా లోతుగా కనిపిస్తుంది. ఇంజన్‌ను కుదించవచ్చు గానీ నిప్పును, నీటిని, బూడిదను కుదించలేం. అసలు బాయిలర్‌లో మంట వేడి 50 మి.మీ. గొట్టాల గుండా పోతుందనుకుందాం. తొమ్మిదో వంతు స్కేల్లో ఆ గొట్టం అయిదున్నర మిల్లీమీటర్లవుతుంది. దాంట్లో మంట దూరేలోపే చల్లారుతుంది. రెండు పారల బొగ్గు వేసేసరికి బూడిద మూసేస్తుంది. అందుకే పెద్ద ఇంజన్ల నమూనాల్లో గొట్టాల సంఖ్య బాగా తగ్గించి, లావు పెంచి కొత్తగా డిజైన్ చేయాలి. డార్జిలింగ్ ఇంజన్ స్కేల్లో అదే గొట్టం 15 మి.మీ. ఉంటుంది. పెద్దగా మార్పు లేకుండానే పనిచేస్తుంది.

నీటి మట్టం చూపే గాజు గొట్టం సంగతీ ఇంతే. గాజు లోపలి రంధ్రం మరీ సన్నమైతే నీరు గోడలను పట్టుకుని పైకి పాకుతుంది, మధ్యలో బుడగ ఇరుక్కుంటుంది. గాజులో సగం నీరు కనిపిస్తుంటే లోపల మంట మండే పెట్టె, అంటే ఫైర్‌బాక్స్ నెత్తి ఎండిపోతూ ఉండవచ్చు. చిన్న స్కేల్లో గాజును కావాలని లావుగా పెట్టాలి, అప్పుడది ఇంజన్ మీద అతికించినట్టుంటుంది. నారో గేజ్ నమూనాలో సురక్షితమైన గాజు, చూపుకు అందమైన గాజు ఒకటే కొలతకు వస్తాయి. నీటి నిల్వ కూడా అంతే. అసలులో 7000 లీటర్లు పట్టే పెద్ద బాయిలర్ తొమ్మిదో వంతు స్కేల్లో 9 లీటర్లకు దిగుతుంది. 1800 లీటర్ల చిన్న బాయిలర్ డార్జిలింగ్ ఇంజన్ స్కేల్లో 50 లీటర్లు నిలుపుకుంటుంది. మొదటి దాంట్లో డ్రైవర్ ఒక్క క్షణం తల తిప్పినా మట్టం తప్పుతుంది. రెండోది కొత్తవాళ్ళ పొరపాట్లను కొంత భరిస్తుంది. ఏ సైజైనా సరే, నీటిని లోపలికి ఎక్కించే మార్గాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా రెండుండాలి. ఒకటి ఇరుసు తిప్పే పంపైతే రెండోది ఆవిరి బలంతో నీటిని తోసే ఇంజెక్టర్ కావాలి, లేదా చేతి పంపు కావాలి.

ఇక్కడే చట్టం కూడా లెక్కలోకి వస్తుంది. 1923 నాటి బాయిలర్ల చట్టం గానీ, దాని స్థానంలో వచ్చిన 2025 చట్టం గానీ 25 లీటర్ల లోపు పాత్రను బాయిలర్‌గా లెక్కించవు. 50 లీటర్లదైతే రిజిస్ట్రేషన్, తనిఖీ, సర్టిఫికెట్ అన్నీ కావాలి. ఈ గీత కిందికి దూరడానికి అయిదు అంగుళాల గేజ్‌కు దిగవచ్చు. బీ క్లాస్ లాంటి ఇంజన్ అక్కడ దాదాపు 135 కిలోలుంటుంది, బాయిలర్ 16 లీటర్లతో సరిపోతుంది. తొలిసారి కట్టేవాళ్ళకు ఇది మంచి మెట్టే. అయితే పసిపిల్లల్ని వెనక కూర్చోబెట్టుకుని తిప్పే యంత్రానికి తనిఖీ తప్పించుకునే దారి వెతకడం సరికాదు. చట్టం అడగని సైజైనా, క్లబ్ తనకు తాను అదే కట్టుబాటు పెట్టుకోవాలి.

బ్రిటిష్ క్లబ్బుల కట్టుబాటు తెలుసుకోదగ్గది. కొత్త బాయిలర్‌కు ముందు ఆవిరి ఎక్కించరు. రంధ్రాలన్నీ బిగించి, లోపల గాలి బుడగ కూడా లేకుండా చన్నీళ్ళు నింపుతారు. తర్వాత చేతి పంపుతో పీడనం మెల్లగా పెంచుతారు. పని చేసే పీడనం చదరపు సెంటీమీటరుకు 7 కిలోలైతే 14 దాకా ఎక్కించి అక్కడే నిలబెడతారు. పీడనం చూపే ముల్లు కదలకూడదు. చల్లని రాగి మీద చెయ్యి వేసి, టార్చి పట్టుకుని ఒక్కో అతుకూ చూస్తారు. నీటిని నొక్కినా పెద్దగా కుంచించుకోదు. కాబట్టి అతుకు విడిపోతే ఒక చుక్క చెమర్చి ముల్లు పడిపోతుందే తప్ప పేలుడు ఉండదు. అదే గాలితోనో ఆవిరితోనో పరీక్షిస్తే నొక్కిపెట్టిన శక్తి అంతా ఒక్కసారిగా బయటికి వస్తుంది. ఇది గట్టెక్కాక ఆవిరి పరీక్ష చేస్తారు. మంట బాగా మండించి, ఆవిరి బయటికి పోయే దారులన్నీ మూసేస్తారు. సేఫ్టీ వాల్వులు తెరుచుకుని పీడనాన్ని పది శాతానికి మించి పెరగనివ్వకుండా ఆపాలి. ఆపలేకపోతే ఆ ఇంజన్ పట్టాలెక్కదు.

బాయిలర్ దేనితో చేయాలన్నది నారో గేజ్ నమూనాకు నిజంగా బరువైన ప్రశ్న. చిన్న ఇంజన్లకు రాగే మేలు. తుప్పు పట్టదు, వేడిని బాగా అందిస్తుంది. రాగి రేకును ఎర్రగా కాల్చి నీళ్ళలో ముంచితే మెత్తబడుతుంది. అచ్చు మీద సుత్తితో అంచులు మడిచి, వెండి టంకంతో అతకవచ్చు. టంకం కరగడానికి 650 డిగ్రీల దరిదాపు వేడి కావాలి. ముక్క అంతా ఒకేసారి ఆ వేడికి రాకపోతే వెండి అతుకులోకి పాకదు. కాడ్మియం కలిసిన పాత రకం టంకం పొగ ఊపిరితిత్తులకు విషం, దాని జోలికి పోకూడదు. బాయిలర్ వ్యాసం 300 మి.మీ. దాటితే రాగి ఖరీదు, దాన్ని కాల్చే గ్యాస్ ఖర్చు రెండూ భారమవుతాయి. అప్పుడు ఉక్కే గతి. బలం పరంగా ఇబ్బంది లేదు. ఆ వ్యాసానికి 6 మి.మీ. మందం రేకు వాడితే, 7 కిలోల పీడనంలో ఉక్కు మీద పడే ఒత్తిడి దాని శక్తిలో చిన్న వంతే. ఇబ్బందంతా తుప్పుతో, వెల్డింగ్ నాణ్యతతో. వెల్డింగ్‌కు ఈ జిల్లాలో మనుషుల కరువు లేదు. విశాఖ షిప్‌యార్డ్ నుంచి గల్ఫ్ దాకా పైపులు, ట్యాంకులు అతికి వచ్చిన సిక్కోలు వెల్డర్లు, ఫిట్టర్లు ఊరూరా ఉన్నారు. పీడన పాత్రల పనికి అర్హత పరీక్ష పాసైనవాళ్ళను ఎంచుకుంటే చాలు.

పోత పని విషయంలో సారవకోట మండలం బుడితి గుర్తుకు రావాలి. కంచు, ఇత్తడి సామానుకు భౌగోళిక గుర్తింపు పొందిన ఊరు అది. గంట, దీపపు సెమ్మె పోసే చేతికి పొగగొట్టం పైకప్పు, గంట స్తంభం, నంబరు ప్లేటు పోయడం కష్టం కాదు. ఒక్క హెచ్చరిక మాత్రం తప్పదు. బాయిలర్‌కు నేరుగా బిగించే భాగాలకు మామూలు ఇత్తడి పనికిరాదు. వేడి నీరు తగిలేకొద్దీ ఇత్తడిలోంచి జింకు వెళ్ళిపోయి గుల్లబారిన రాగి మిగులుతుంది. పైకి బాగున్నట్టే ఉంటుంది, స్పానర్ వేయగానే విరుగుతుంది. గంటల కంచులో తగరం పాలు ఎక్కువ. అది మోగుతుంది గానీ దెబ్బకు పగులుతుంది. తగరం పది శాతం లోపు ఉండే గన్‌మెటల్ కావాలి. అంటే చెయ్యి బుడితిది, మిశ్రమం మాత్రం ఇంజినీరు చెప్పినది. మిగతా పనికి ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో ఉండే మామూలు లేత్, మిల్లింగ్ మెషీన్ చాలు. నాలుగో వంతు స్కేల్లో చక్రాలు పెద్దవి, సిలిండర్లు పెద్దవి, నట్లు బజార్లో దొరికే సైజులే. భూతద్దం పెట్టుకుని చేసే గడియారం పని ఇందులో తక్కువ.

బొగ్గు అసలు చిక్కు. వేల్స్ ఆవిరి బొగ్గుతో నడిచే డిజైన్లను యథాతథంగా తెచ్చుకుంటే ఇక్కడ మంట నిలవదు. మనకు దగ్గరలోని తాల్చేరు లాంటి గనుల రాక్షసి బొగ్గులో మూడో వంతుకు పైగా బూడిద ఉండడం మామూలే. ఆ బూడిద పేరుకుపోయి, బొగ్గు మండే ఇనప జాలీని మూసేస్తుంది. పెద్ద ఇంజన్‌లో గంటలు పట్టేది చిన్నదాంట్లో నిమిషాల్లో జరుగుతుంది. ఇక్కడ కూడా నారో గేజ్ నమూనాకే మొగ్గు. జాలీ వెడల్పుగా ఉంటుంది, తలుపు పెద్దది, సీకు పెట్టి బూడిద లాగేయవచ్చు. తీరం పొడుగునా పెరిగే సరుగుడు కర్రబొగ్గు రాజేయడానికి బాగా పనికొస్తుంది, బూడిద తక్కువ. అయితే తేలిక కాబట్టి లాగుడు పెరిగినప్పుడు నిప్పురవ్వలై పొగగొట్టం గుండా ఎగిరిపోతుంది. రవ్వలాపే జల్లెడ లేకుండా ఎండుగడ్డి పక్కన నడపకూడదు. పలాసలో గుట్టలుగా దొరికే జీడి పెంకు చవకే గానీ, దాంట్లోని నూనె పొగ సన్నటి గొట్టాల లోపల జిగురులా అంటుకుంటుంది. దాన్ని దూరం పెట్టడమే మంచిది.

నీటి గురించి ఒక్క మాట. ఉప్పు పండే నౌపడ చుట్టుపక్కల బోరు నీరు బాయిలర్‌కు పనికొచ్చేది కాదు. షెడ్డు కప్పు మీద పడే వాన నీటిని పట్టి నిల్వ చేసుకుంటే పొలుసు కట్టే బెడద చాలా వరకు తప్పుతుంది.

నారో గేజ్‌కు ఎదురు నిలిచే మాటలూ ఉన్నాయి. 400 కిలోల ఇంజన్‌ను ఇద్దరు మనుషులు ఎత్తలేరు. చైన్ బ్లాకు, ర్యాంపు, తరలించడానికి చిన్న ట్రక్కు కావాలి. ఇంటి వరండాలో పెట్టుకునే వస్తువు కాదది, క్లబ్బుకు సొంత షెడ్డు తప్పనిసరి. పైగా ఇంజన్ వెడల్పుగా, ఎత్తుగా ఉండి పట్టా సన్నగా ఉంటుంది కాబట్టి ఒరిగే ప్రమాదం ఎక్కువ. మనిషి భుజాలు 45 సెం.మీ., కింద పట్టాల ఎడం 18 సెం.మీ. మాత్రమే. పెట్టెల్లో సీట్లు వీలైనంత కిందికి ఉండాలి, కాళ్ళు లోపలే పెట్టుకోవాలి, వేగం గంటకు 8, 10 కి.మీ. దాటకూడదు. ప్రతి పెట్టెకూ బ్రేకు ఉంటే ఇంకా మేలు.

స్థలం అనుకున్నంత అక్కర్లేదు. 15 మీటర్ల వ్యాసార్ధంతో గుండ్రటి దారి వేస్తే ఒక చుట్టు 94 మీటర్లు. అటూ ఇటూ ఖాళీ వదిలినా 30 సెంట్లలో అమరుతుంది. ఇరుసుల మధ్య దూరం తక్కువున్న నారో గేజ్ ఇంజన్ ఆ మలుపులో ఇబ్బంది పడకుండా తిరుగుతుంది. టెక్కలిలోనో పాతపట్నంలోనో ఒక విద్యాసంస్థ ఆవరణ చాలు.

పని ఏ వరుసలో చేయాలన్నదే ఇక మిగిలింది. ఆవిరి ఇంజన్ పూర్తవడానికి ఏళ్ళు పడుతుంది, అన్నాళ్ళూ పట్టాలు ఖాళీగా ఉంటే సభ్యులు జారిపోతారు. ముందు నౌపడ లైన్ చివరి రోజుల డీజిల్ ఆకారంలో ఒక బ్యాటరీ ఇంజన్ కట్టడం తెలివైన పని. ఇరవై మందిని సమతలంలో గంటకు 8 కి.మీ. వేగంతో లాగడానికి సుమారు 700 వాట్లు కావాలి. ఈ-రిక్షాకు వాడే మోటారు కిలోవాట్‌కు అటూ ఇటూ ఇస్తుంది. మోటారు, కంట్రోలర్, బ్యాటరీలు మూడూ శ్రీకాకుళం స్పేర్ పార్టుల షాపుల్లో దొరికేవే. ఎక్కుడు దగ్గర మాత్రం వేగం కాస్త తగ్గించాలి. పట్టాలు ఎక్కడ కుంగుతున్నాయో, ఏ మలుపులో చక్రం అంచు ఒరుసుకుంటోందో ఈ బండే పట్టిస్తుంది. బ్రేకు ఎంత దూరంలో వేయాలో, జెండా ఎప్పుడు చూడాలో కొత్త డ్రైవర్లు దీని మీదే నేర్చుకుంటారు. పక్క షెడ్డులో బాయిలర్ పద్నాలుగు కిలోల పరీక్షకు సిద్ధమయ్యే నాటికి, దాన్ని నడిపే మనుషులు కూడా తయారై ఉంటారు.